ఆడపిల్లల పత్రికల్లో స్త్రీవాదం ఎంత నిజం? ముందు ఉత్తరాల పేజీ తిప్పండి

మీరు అడిగినవి రెండు. న్యూజెర్సీలో పదో తరగతి చదివే మీ అమ్మాయి మూడేళ్లుగా అమెరికా ఆడపిల్లల పత్రిక ‘టీన్ వోగ్’ సైటు చదువుతోంది. ఓటు హక్కు, అబార్షన్ చట్టాలు, తుపాకుల గొడవ, ఇవన్నీ అన్నం తినేటప్పుడు మీతో వాదించేంతగా అక్కడే నేర్చుకుంది. 2025 నవంబరులో ఆ పత్రికను పెద్దవాళ్ల ఫ్యాషన్ పత్రిక ‘వోగ్’లో కలిపేశారు. రాజకీయాలు రాసేవాళ్లను తీసేశారని విని పిల్ల దిగులు పడింది. అసలు ఆ స్త్రీవాదం నిజమా, లిప్‌స్టిక్ అమ్ముకోవడానికి వేసిన ఎరా అని మీ మొదటి సందేహం. తెలుగులో అలాంటిది ఎందుకు రాలేదు అన్నది రెండోది.

నేను ఇరవై రెండేళ్లు ఒక వారపత్రికలో మహిళల పేజీలు చూశాను. అందులో పన్నెండేళ్లు ఉత్తరాలకు జవాబులు రాయడమే నా పని. ఇప్పుడు ఒక గురుకుల పాఠశాలలో పిల్లలతో గోడపత్రిక పెట్టిస్తున్నాను. ఆ అనుభవంతోనే చెబుతున్నాను. అది నిజమే. రాసినవాళ్లు మనసు పెట్టి రాశారు, చదివిన పిల్లలు మనసు పెట్టి చదివారు. కానీ ఆ పేజీలు ఉన్న ఇల్లు వాళ్లది కాదు. ఇల్లుగలాయన ఖాళీ చెయ్యమన్న రోజున సామాను సర్దుకోవాల్సిందే. ఇది టీన్ వోగ్‌కు కొత్తగా వచ్చిన కష్టమేం కాదు. ఎనభై ఏళ్లుగా ఇదే వరస.

1944 సెప్టెంబరులో అమెరికాలో ‘సెవెంటీన్’ మొదలైంది. తొలి సంచిక నాలుగు లక్షల ప్రతులు వారం తిరక్కుండానే అయిపోయాయి. అప్పటికి యుద్ధం ఇంకా నడుస్తోంది. సంపాదకురాలు హెలెన్ వాలెంటైన్‌కు యాభై దాటాయి. పదహారేళ్ల పిల్లను ఆవిడ రేపటి పౌరురాలిగా చూశారు. గౌన్ల బొమ్మల పక్కనే ఐక్యరాజ్యసమితి గురించి, జాతి వివక్ష గురించి, ఓటు గురించి వ్యాసాలు వేశారు. అదే ఆఫీసులో పక్క గదిలో ఇంకో పని జరిగేది. ‘టీనా’ అని ఒక ఊహల పిల్లను తయారుచేశారు. ఆ పిల్ల చేతిలో డబ్బు ఎంత ఉంటుంది, దేనికి ఖర్చు పెడుతుంది, ఇంట్లో అమ్మచేత ఏమేం కొనిపిస్తుంది అని సర్వేలు చేయించి, ఆ లెక్కలు కంపెనీల ముందు పెట్టి ప్రకటనలు తెచ్చారు. వ్యాసాల్లో పౌరురాలు, లెక్కల పుస్తకంలో గిరాకీ. ఇద్దరూ ఒక్క పిల్లే. 1950లో వాలెంటైన్ ఆ కుర్చీ దిగారు. ఆ తర్వాత పౌరురాలి వాటా తగ్గుతూ వచ్చింది, గిరాకీ వాటా పెరుగుతూ పోయింది.

ఈ విషయం అర్థం కావాలంటే నేను ఎప్పుడూ చెప్పే కథ ‘శాసీ’ది. అదీ అమెరికా ఆడపిల్లల పత్రికే, 1988లో వచ్చింది. దాని వెనక ఉన్నది సాండ్రా యేట్స్ అనే ఆస్ట్రేలియా ఆవిడ, వాళ్ల దేశంలో ‘డాలీ’ అనే ఆడపిల్లల పత్రిక నడిచే తీరు చూసి, అమెరికా పిల్లలకూ అలాంటిది కావాలనుకుంది. సంపాదకురాలు పాతికేళ్ల జేన్ ప్రాట్. ఆ పత్రిక భాషే వేరు. రాసేవాళ్లు తమ పేర్లతో, తమ చిరాకులతో, పక్కింటి అక్క మాట్లాడినట్టు రాశారు. శారీరక సంబంధాల గురించి భయపెట్టకుండా చెప్పారు. స్వలింగ ప్రేమికులైన పిల్లలు మామూలు పిల్లలే అని రాశారు. అప్పటిదాకా అమెరికా ఆడపిల్లల పత్రికల్లో ఈ మాటలకు చోటు లేదు.

కొన్ని నెలలకే సంప్రదాయ క్రైస్తవ సంఘాలు కదిలాయి. వాళ్లు సంపాదకురాలితో వాదన పెట్టుకుని కూర్చోలేదు. ప్రకటనలిచ్చే కంపెనీలకు ఉత్తరాలు రాశారు, మీ సరుకు కొనం అన్నారు. అంతే. పెద్ద ప్రకటనదారులు ఒకరి తర్వాత ఒకరు తప్పుకున్నారు. ఊరూరా శాఖలున్న కొన్ని పెద్ద దుకాణాలు పత్రికను అరల్లోంచి తీసేశాయి. పత్రిక బతకాలి కాబట్టి శరీరం గురించిన వ్యాసాలు పలచబడ్డాయి. ఆ దెబ్బ ఎంత గట్టిదంటే, మరుసటి ఏడాదే యాజమాన్యం మారింది. 1994లో మళ్లీ చేతులు మారింది, పాత బృందం పోయింది. 1996కల్లా ఆ పేరే లేకుండా పోయింది.

అయినా ఆ కొద్ది ఏళ్లలో శాసీ చేసిన ఒక చిన్న పని చాలా దూరం వెళ్లింది. అప్పట్లో పిల్లలు ఇంట్లో కూర్చుని రాసి, కత్తిరించి, అతికించి, జిరాక్సు తీసి, స్టేపుల్ కొట్టి పంచుకునే చిట్టి పత్రికలుండేవి. వాటిని ‘జీన్’లు అనేవాళ్లు. శాసీ వాటిని పరిచయం చేస్తూ చిరునామాలు వేసేది. ఎక్కడో చిన్న ఊళ్లో ఒంటరిగా ఉన్న పిల్ల ఆ చిరునామాకు కవర్లో చిల్లర పెట్టి పంపేది, ఆ చిట్టి పత్రిక తెప్పించుకునేది, రెండు నెలలకు తనూ ఒకటి తీసేది. 1991 ప్రాంతంలో ఒలింపియా, వాషింగ్టన్ నగరాల్లో పుట్టిన ‘రయట్ గర్ల్’ అనే ఆడపిల్లల పంక్ సంగీత, స్త్రీవాద ఉద్యమానికి ఊపిరి ఈ జిరాక్సు కాగితాలే. శాసీ పోయింది. కాగితాల మీద పెరిగిన ఆ అలవాటు పోలేదు. 2011లో పదిహేనేళ్ల టావీ గెవిన్సన్ ‘రూకీ’ అనే వెబ్ పత్రిక పెట్టి పిల్లలచేత రాయించిందంటే, ఆ తీగ ఇక్కడిదే. అదీ 2018లో డబ్బు దగ్గరే ఆగింది.

ప్రకటన అంటే పక్క పేజీలో బొమ్మే కదా, దానికీ వ్యాసానికీ ఏం సంబంధం అని చాలామంది అనుకుంటారు. అమెరికా స్త్రీవాద పత్రిక ‘మిజ్’ 1990లో ప్రకటనలే లేకుండా మళ్లీ మొదలైనప్పుడు, దాని స్థాపకుల్లో ఒకరైన గ్లోరియా స్టైనమ్ తొలి సంచికలోనే ఈ గుట్టు విప్పారు. సోవియట్ స్త్రీవాదుల మీద ముఖచిత్ర కథనం వేస్తే దానికి బహుమతి వచ్చింది. రెవ్‌లాన్ ప్రకటనల కోసం ఏళ్ల తరబడి చేసిన ప్రయత్నం మాత్రం ఆ ఒక్క సంచికతో నీళ్లపాలైంది. కారణం, ముఖచిత్రం మీది ఆడవాళ్లు మేకప్ వేసుకోలేదు.

మా ఆఫీసులో కూడా ఇది నా కళ్లముందే జరిగింది. పేర్లు చెప్పను. ఒకరోజు తొమ్మిదో తరగతి పిల్ల నుంచి నీలం ఇన్‌లాండ్ కవరు వచ్చింది. మూడు మడతల్లోనూ సందు లేకుండా రాసింది. అక్క ఎరుపట, తను నలుపట. పెళ్లిచూపుల రోజు తనను లోపలి గదిలో కూర్చోబెట్టి గొళ్లెం పెట్టారట, వచ్చినవాళ్లు చెల్లెల్ని చూస్తే అక్క సంబంధం చెడుతుందని. “నేను కనిపిస్తే అక్కకు నష్టం జరిగేంత తప్పు నా ముఖంలో ఏముంది మేడం?” అని అడిగింది. అదొక్కటే ప్రశ్న, కింద ఊరి పేరు. నేను రెండు రోజులు కూర్చుని జవాబు రాశాను. నీ రంగులో తప్పేమీ లేదు, గొళ్లెం పెట్టిన చేతిలో ఉంది అని రాశాను. ఏ క్రీమూ నీకు అక్కర్లేదనీ రాశాను. డమ్మీ, అంటే అచ్చుకు ముందు పేజీల నమూనా, వేశాక చూస్తే ఎదుటి పేజీలో ముఖం తెల్లబరిచే క్రీము ఫుల్ పేజీ యాడ్ ఉంది. యాడ్స్ విభాగం నుంచి మనిషి వచ్చాడు. ఎడిటర్ గారు నన్ను పిలిచి, ఉత్తరం వచ్చే వారం వేద్దాం అన్నారు. దాని స్థానంలో శనగపిండి, పసుపు, పాలమీగడ చిట్కాలు పెట్టించారు. ఆ వచ్చే వారం రానే లేదు. నేను ఆ పిల్లకు విడిగా కార్డు రాసి పోస్టులో వేశాను. అందిందో లేదో తెలియదు. ఆ ఇన్‌లాండ్ కవరు మాత్రం ఇప్పటికీ నా బీరువాలోనే ఉంది.

అందుకే ఎవరైనా ఒక పత్రిక స్త్రీవాద పత్రికా కాదా అని అడిగితే నేను ముఖచిత్రం చూడను, సంపాదకీయం చదవను. ముందు ఉత్తరాల పేజీ తిప్పుతాను. 1880లో లండన్ నుంచి వచ్చిన ‘గర్ల్స్ ఓన్ పేపర్’లో పాఠకుల శీర్షిక ఉండేది, కానీ అందులో జవాబులు మాత్రమే అచ్చయ్యేవి. పిల్ల ఏం అడిగిందో ఎక్కడా ఉండదు. ‘మీరు చేసింది అవివేకం’ అని జవాబు ఉంటే, ఆ పాపం ఏమిటో చదివేవాళ్లు ఊహించుకోవాలి. ప్రశ్నను మొత్తంగా, ఆ పిల్ల మాటల్లోనే అచ్చువేయడం చిన్న సంగతి కాదు. ఒక్క ఊళ్లో ఒక్క గదిలో గొళ్లెం పెడితే అది ఆ ఇంటి గొడవ. అచ్చులో చదివి మరో నలభై ఊళ్ల పిల్లలు ‘మా ఇంట్లోనూ’ అని రాశారంటే, అప్పుడది అందరి గొడవ.

ఎదురు మాట్లాడే పాఠకురాలు ఏం చేయగలదో 2012లో సెవెంటీన్‌కే తెలిసొచ్చింది. మెయిన్ రాష్ట్రంలో బ్యాలే నేర్చుకునే పద్నాలుగేళ్ల అమ్మాయి ఒకతె, తన క్లాసులో సన్నటి పిల్లలు కూడా లావైపోయాం అని ఏడవడం వింది. పత్రికలో బొమ్మల్ని కంప్యూటర్లో చెక్కి నున్నగా చేస్తున్నారు కాబట్టే కదా ఇదంతా అనుకుంది. నెలకు ఒక్క ఫోటో వరస, ఒక్కటంటే ఒక్కటి, దిద్దకుండా వేయండి అని ఆన్‌లైన్‌లో సంతకాలు మొదలుపెట్టింది. 80 వేలు దాటాయి. పిల్లలు న్యూయార్క్‌లో పత్రిక ఆఫీసు ముందుకెళ్లి నిలబడ్డారు. చివరికి పత్రిక, అమ్మాయిల ముఖాకృతినీ ఒంటి తీరునూ మార్చబోమని ఆగస్టు సంచికలో మాటిచ్చింది. కోరిక ఎంత చిన్నదో గమనించారా? అందరం అందంగా ఉన్నాం, సమాజం మారాలి లాంటి పెద్ద మాటలేం లేవు. నెలకు ఒకటి. తప్పించుకోవడానికి వీల్లేని కోరిక. ఉద్యమం ఎలా చెయ్యాలో నేర్పడానికి మా పిల్లలకు నేను ఈ కథే చెబుతాను.

ఇక మీ అమ్మాయి టీన్ వోగ్. 2003లో పుట్టినప్పుడు అది బట్టలు, బ్యాగులు, సినిమావాళ్ల పత్రిక. 2016లో ఎలేన్ వెల్టరాత్ బాధ్యత తీసుకున్నారు. వోగ్‌ను నడిపే సంస్థలో అంత పై కుర్చీకి నల్లజాతి స్త్రీలు రావడం అప్పటికి చాలా అరుదు. వెబ్‌సైటు ఫిలిప్ పికార్డీ చేతిలో ఉండేది. ఆ ఏడాది డిసెంబరులో, ట్రంప్ దేశాన్ని ‘గ్యాస్‌లైట్’ చేస్తున్నాడంటూ లారెన్ డూకా రాసిన వ్యాసం దావానలంలా పాకింది. కళ్లముందు జరిగినదాన్ని జరగలేదని పదేపదే చెప్పి, ఎదుటి మనిషికి తన బుద్ధి మీదే అనుమానం పుట్టించడాన్ని గ్యాస్‌లైటింగ్ అంటారు. ఇళ్లల్లో ఆడపిల్లలకు బాగా తెలిసిన బాధే అది. ఇంటి బాధకున్న పేరును దేశ రాజకీయానికి అతికించడం వల్లే ఆ వ్యాసం పిల్లలకు సూటిగా తగిలింది. కొన్నాళ్లకు ఒక టీవీ యాంకర్ ఆ రచయిత్రిని చర్చకు పిలిచి, నువ్వు మోకాళ్లు దాటే బూట్ల గురించి రాసుకో, అదే నీకు బాగా వచ్చు అని ముఖానే అన్నాడు. ఫ్యాషన్ చదివే పిల్లకు ప్రజాస్వామ్యం ఎందుకు అన్నది ఆయన ధైర్యం. రెండూ ఒక్క పిల్లకే కావాలని 1944లోనే వాలెంటైన్‌కు తెలుసు.

2017 చివరికి అచ్చు ఆగిపోయింది, వెబ్ మిగిలింది. 2018లో ఫ్లోరిడాలోని పార్క్‌లాండ్ బడిలో కాల్పులు జరిగాక, తుపాకుల మీద పోరాడుతున్న పిల్లల్ని ముఖచిత్రంగా పెట్టారు. ఒకమ్మాయి గురిచూసి కాల్చే లక్ష్యపు కాగితాన్ని నిలువునా చింపుతున్న ఫోటో అది. ఆ కాగితం స్థానంలో రాజ్యాంగాన్ని అతికించి, చూడండి ఏం చింపుతోందో అని గిట్టనివాళ్లు తిప్పారు. పత్రికవాళ్లు నిజం బొమ్మ, దొంగ బొమ్మ పక్కపక్కన పెట్టి జవాబు చెప్పారు. తర్వాత కార్మిక సంఘాల గురించి, జైళ్ల గురించి, గర్భస్రావ హక్కు గురించి అదే సైటు ఆపకుండా రాసింది. ఇంత చేసిన పత్రికను ఎర అనడానికి నాకు మనసు రాదు. కానీ దాని జమాఖర్చులు చూసేవాళ్లు వేరు. లాభం తగ్గగానే ముందు కోత పడింది రాజకీయాల విభాగం మీదే. అందం పేజీలకు వోగ్‌లో ఎప్పుడూ కుర్చీ ఉంటుంది.

రెండో ప్రశ్న, తెలుగులో ఎందుకు రాలేదు? దీనికి నాకు తోచిన కారణం కాస్త పాతది. 1883లో కందుకూరి ‘సతీహితబోధిని’ తెచ్చారు. 1902లో ‘హిందూ సుందరి’ వచ్చింది. భండారు అచ్చమాంబ అందులో కథలు రాశారు. ఆవిడకు పదేళ్లకే పెళ్లయింది, చదువు ఆ తర్వాతే. ఆ రోజుల్లో పద్నాలుగేళ్ల పిల్ల అప్పటికే ఒకరింటి కోడలు, చాలాసార్లు ఒక బిడ్డ తల్లి కూడా. 1929లో శారదా చట్టం వచ్చి ఆడపిల్ల పెళ్లి వయసు పద్నాలుగు చేస్తేనే దేశమంతా గొడవ జరిగింది. చిన్నతనానికీ కాపురానికీ మధ్య ఖాళీయే లేనప్పుడు ఆ ఖాళీలో చదువుకునే పత్రిక ఎక్కడి నుంచి వస్తుంది? ‘సతి’, ‘సుందరి’, ‘గృహలక్ష్మి’, పేర్లు చూడండి, అన్నీ పెళ్లైన మనిషినే పిలుస్తున్నాయి.

గృహలక్ష్మి సంగతి ఎత్తాను కాబట్టి ఒక్క మాట. 1928లో మద్రాసులో దాన్ని పెట్టిన డాక్టర్ కె.ఎన్. కేసరి, ఆడవాళ్ల మందు ‘లోధ్ర’ తయారుచేసిన కేసరి కుటీరం యజమాని. మందు అమ్మిన చెయ్యే పత్రికనూ నడిపింది. అదే పత్రికలో కనుపర్తి వరలక్ష్మమ్మ ‘శారద లేఖలు’ రాశారు, స్నేహితురాలికి ఉత్తరం రాస్తున్నట్టుగా, శారదా చట్టం మొదలుకొని ఆడవాళ్ల హక్కుల దాకా. 1934లో గృహలక్ష్మి స్వర్ణకంకణం తొలిసారి తొడిగించుకున్నదీ ఆవిడే. యజమాని సరుకు ఏదైనా, పేజీలో నిజం రాసే మనిషి ఉంటే ఎంత పని జరుగుతుందో దానికి మన సాక్ష్యం ఇది. ఉత్తరమే ఆవిడ ఆయుధం కావడం నాకు మరీ ఇష్టం.

తర్వాత పెళ్లి వయసు పెరిగింది, హైస్కూళ్లు నిండాయి, ఖాళీ వచ్చింది. పత్రిక మాత్రం రాలేదు. మా తరం పిల్లలం పన్నెండేళ్ల దాకా చందమామ చదివాం, పదమూడో ఏట అమ్మ తలగడ కింద వారపత్రిక లాగి సీరియల్ చదివాం. మధ్యలో మెట్టు లేదు. ఆంధ్రప్రభలో మాలతీ చందూర్ గారి ‘ప్రమదావనం’ దశాబ్దాలపాటు ఆ మెట్టు పని కూడా చేసింది. మేం అడగలేనివి ఎవరో అడిగేవారు, మేం దొంగతనంగా జవాబులు చదివేవాళ్లం. 1993 నుంచి హైదరాబాద్‌లో కొండవీటి సత్యవతి గారి ‘భూమిక’ స్త్రీవాద పత్రికగానే నడిచింది, కానీ అదీ పెద్దవాళ్లది. పద్నాలుగేళ్ల పిల్లకు ఇంట్లో కొనిపెట్టేది గైడ్లు, టెస్ట్ పేపర్లు. ప్రకటనదారుకు ఆమె గిరాకీ కాదు, తండ్రి గిరాకీ. అమెరికాలో టీనాను కనిపెట్టినట్టు ఇక్కడ ఎవరూ కనిపెట్టలేదు. దానివల్ల పత్రిక రాలేదు, దాని వెంట వచ్చే వాదనా రాలేదు.

ఆ లోటు తీర్చే పెద్ద పత్రిక కోసం నేను ఎదురు చూడటం మానేశాను. మా గురుకులంలో మూడు చార్టులు, ఒక జిగురు సీసా, మూతకు గాటు పెట్టిన ఒక బోర్న్‌విటా డబ్బా, ఇదే మా పత్రిక. డబ్బాలో ఎవరైనా పేరు లేకుండా ప్రశ్న వేయొచ్చు. ప్రశ్నను దిద్దకుండా ఎత్తి రాయాలన్నది ఒక్కటే నియమం, అక్షర దోషాలతో సహా. పోయిన ఏడాది ఒక చీటీ వచ్చింది: ‘మూడో బాత్రూముకు గొళ్ళం లేదు, ఎవరైనా తలుపు పట్టుకుంటేనే వెళ్తున్నాం, నెలసరిలో ఎవర్ని పిలవాలి’. పిల్లలు ఆ చీటీని చార్టు మధ్యలో రాసి, కింద ఒక గడి గీశారు. ప్రతి ఉదయం ప్రార్థనకు ముందు ఒక పిల్ల వెళ్లి ఆ గడిలో అంకె మార్చేది. ఇవాళ్టికి 4 రోజులు. ఇవాళ్టికి 11 రోజులు. ఎవరినీ తిట్టలేదు, నినాదం రాయలేదు. వచ్చిపోయే తల్లిదండ్రులంతా ఆ అంకె చూస్తూ వెళ్లేవాళ్లు. 19వ రోజు వడ్రంగి వచ్చాడు. గొళ్లెం బిగించాక పిల్లలు ఆ గడిలో అంకె తీసేసి గొళ్లెం బొమ్మ వేశారు. నాకు మాత్రం ఆ బొమ్మ చూస్తే బీరువాలోని ఇన్‌లాండ్ కవరు గుర్తొచ్చింది.

ఇక మీ అమ్మాయితో ఏం చెయ్యాలో కూడా చెబుతాను. టీన్ వోగ్ పాత వ్యాసాల్లో తనకు నచ్చినవి ఇప్పుడే దాచుకోమనండి, సైట్లు కలిశాక పాత లింకులు తెగిపోతుంటాయి. ఆ వ్యాసాలు రాసినవాళ్ల పేర్లు రాసుకుని, వాళ్లిప్పుడు ఎక్కడ రాస్తున్నారో వెతకమనండి. రాసినవాళ్ల వెంట వెళ్లడం పత్రిక పేరు వెంట వెళ్లడం కంటే మేలు. తన బళ్లో నలుగురితో కలిసి ఒక చిట్టి పత్రిక తీస్తానంటే అడ్డు చెప్పకండి, ప్రింటరు ఇంకుకు మీరే డబ్బివ్వండి. సలహా అడిగితే ఇవ్వండి కానీ వాళ్ల వాక్యాలు దిద్దకండి.

ఇంకో సాయం కావాలి. మీ ప్రశ్న మా పిల్లలకు చదివి వినిపించాను, మీ పేరు చెప్పలేదు. అమెరికాలో తమ ఈడు పిల్ల ఒక పత్రిక ఆగిపోయిందని బాధపడుతోందంటే చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆ సాయంత్రమే డబ్బాలో ఒక చీటీ పడింది, ఈ నెల చార్టు మీదకు ఎక్కింది. మీ అమ్మాయి ఇంగ్లిష్‌లో రాసినా సరే, జవాబు పంపమనండి, ఇక్కడ తెలుగులోకి ఎత్తి రాసుకుంటారు. చీటీలో ఉన్నది ఉన్నట్టుగా: ‘మీ బళ్ళో ప్యాడ్లు బాత్రూంలోనే పెడతారని విన్నాం, నిజమేనా అక్కా? నిజమైతే ముందు ఎవరు అడిగారు, ఎవర్ని అడిగారు, ఎన్ని రోజులకి పెట్టారు?’